పదకొండో జేబు

దసరాకి నాలుగు రోజుల ముందు, ఆదివారం పొద్దున్నే మా మనవరాలు కొత్త బండి తెచ్చి మా ఇంటి ముందు ఆపింది. మా అమ్మాయి కూతురు. పోర్టులో ఉద్యోగం చేస్తోంది, సెలవు దొరికితే చాలు స్నేహితులతో కొండల మీదికి పోతుంది. అందుకని రాళ్ళూ రప్పలూ వాగులూ అన్నీ ఎక్కి దిగే రకం బండి కొనుక్కుంది. ఊళ్ళో వాళ్ళ అపార్ట్‌మెంటు కింద ఇరుకు గనక, సబ్బవరం దగ్గర ఈ కొత్త కాలనీలో మా ఇంటికి ఖాళీ జాగా ఎక్కువ గనక, బండి మా దగ్గరే ఉంచుతానంది. దాని ఎత్తు చూడగానే నా మోకాళ్ళు నొప్పెట్టాయి. ఈ మధ్య ఏది చూసినా నాకు ముందు మోకాళ్ళే గుర్తొస్తున్నాయి, నా వయసు వాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

వెనక తలుపు తీసి చూపించింది. లోపల ఇనప సొరుగులు, లాగితే చప్పుడు లేకుండా బయటికొచ్చాయి. ఒక సొరుగులో నల్లటి స్పాంజి, అందులో ప్రతి పానాకీ దాని ఆకారంలోనే ఒక గుంట, దేని గుంటలో అది పడుకుని ఉంది. తాడుకొక గది, గాలి కొట్టే మిషనుకొక గది, పొయ్యికొకటి, నీళ్ళ డబ్బాకొకటి. సొరుగు లాగగానే లోపల దీపం కూడా వెలిగింది. దేని చోటు దానికే అమ్మమ్మా, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు అని ఆ పిల్ల సంబరంగా చెబుతుంటే నేను నవ్వి, ఈ మాత్రం దానికి ఇంత హడావిడి ఎందుకే, ఇదంతా నేను దబ్బనంతో నలభై ఏళ్ళ కిందటే కుట్టాను అన్నాను. నోరు మూసుకుని ఉండాల్సింది. పానాలు పెట్టుకోవడానికి నేను కుట్టిన ఆ పాత జేబుల గుడ్డ అటక మీద ఉందని దానికి తెలుసు. వెంటనే కుర్చీ వేసుకుని ఎక్కి దించేసింది.

దుమ్ము దులిపి నేల మీద పరిస్తే పద్నాలుగు జేబులూ వరసగా కనిపించాయి. మూడు చిరిగి ఉన్నాయి. ఇది నా సీటు వెనక తగిలిస్తాను, బండికి ఇదే మొదటి ఆయుధ పూజ, ఆ వేళకి ఇది బండిలో ఉండాల్సిందే అని పట్టుబట్టింది. చిరుగులు కుట్టడానికి నా చూపు ఆనదు. వన్‌టౌన్‌లో టార్పాలిన్లు కుట్టే మా తమ్ముడికి తనే ఫోన్ చేసి రమ్మంది. నేను అక్కడికక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను. ఆ గుడ్డనీ, మా ఆయననీ, మా తమ్ముణ్ణీ ఒక్క చోట చేర్చే రోజు రాకూడదని నేను ఇన్నేళ్ళుగా జాగ్రత్తపడుతూ వచ్చాను మరి.

మా ఆయనది ఇక్కడికి దగ్గర్లోనే ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం. ఆరుగురు అన్నదమ్ములకి ఉన్న భూమి చాలక పట్నం వచ్చి, లారీ క్లీనరుగా మొదలుపెట్టి డ్రైవరయ్యారు. మా పెళ్ళయిన రెండో ఏడు, ఏదో ఆఫీసు వాళ్ళు మూల పడేసిన పాత జీపుని వేలంలో పాడుకుని, కంచరపాలెంలో రైలు కట్ట పక్క మా అద్దెవాటా ముందుకి తెచ్చారు. నడుపుకుంటూ కాదు, నలుగురు పట్టి తోసుకుంటూ. దానికి తలుపులు లేవు, వెనక సీట్లు లేవు, పైకప్పు గుడ్డ జల్లెడ. ఉన్నదల్లా ఇంజనూ, దాని మీద మా ఆయన నమ్మకమూ. ఏజెన్సీ కొండల మీదికి సంత సరుకూ, కాఫీ తోటలకి సామానూ, సర్వే పనికి వెళ్ళే మనుషుల్నీ చేరవెయ్యాలని ఆయన ఆలోచన. ఆ రోజుల్లో అక్కడి దారులు ఎండాకాలంలోనే దారులు, వాన పడితే వాగులు. మధ్యలో బండి ఆగితే ఎవరూ రారు. అంచేత బండిలో ఒక సంసారానికి సరిపడా సామానుండాలి, గతుకుల్లో అది ఎగిరిపడకూడదు, చీకట్లో గాని వానలో గాని చెయ్యి పెడితే కావలసింది చేతికి తగలాలి. ఇదీ ఆయన చాదస్తం.

ఇప్పుడైతే అన్నీ కొట్లో దొరుకుతాయి. అప్పుడు ఊళ్ళో పనికిరానిదంతా మాకు పనికొచ్చింది. పోర్టులో ఓడల్లో సరుకు కింద వేసి పారేసే చెక్కలు తెచ్చి సీట్ల కింద పెట్టెలు కొట్టారు. విరిగిన ఇనప మంచం కోసి పెట్రోలు డబ్బా కదలకుండా కూర్చునే చట్రం చేయించారు. లారీ టైరు ముక్కలు కోసి, బురద చిమ్మకుండా చక్రాల వెనక వేలాడదీశారు. కొబ్బరి పీచు పట్టలు రెండు చుట్టి ముందు బంపరుకి కట్టారు, చక్రం దిగబడితే దాని కింద వెయ్యడానికి. ఫిషింగ్ హార్బర్‌లో ఎవరో పారేసిన చిరుగుల వల తెచ్చి, పైన వేసిన సామాను మీద కప్పి బిగించేవారు. ఎన్నిసార్లు ఉతికినా ఆ వల చేపల వాసన పోలేదు, జీపు ఇంటి దగ్గరుంటే మా వీధి పిల్లులన్నీ దాని చుట్టూనే కాపరం. సైకిలు ట్యూబు రింగులుగా కోసి లాంతరుకీ నీళ్ళ సీసాకీ గొడ్డలికీ పట్టీలు వేశారు. నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో నాలుగు గిన్నెలు బోర్లించుకోవడానికి నాకొక బల్ల లేదు గాని జీపులో గొడ్డలికి సొంత చోటుంది. ఆ మాట పైకే అన్నాను. ఆయన నవ్వేసి, అయితే పానాలకి చోటు నువ్వే చేసి పెట్టు అన్నారు.

అలా నేను వన్‌టౌన్‌లో సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన లారీలకి టార్పాలిన్లూ, జీపులకి టాపులూ, పడవలకి కప్పులూ కుట్టేవారు. ముందు గదిలో మిషను, వెనక ఇల్లు. లోపల వాళ్ళావిడ పక్కన నన్ను కూర్చోబెట్టి, మైనం పూసిన దారం దబ్బనంలో ఎలా ఎక్కించాలో, మందపాటి కేన్వాసు గుడ్డని ఎన్ని మడతలు వేసి కుట్టాలో నేర్పించారు. నేను కుట్టిన మొదటి జేబుని ఆయన రెండు చేతులా పట్టి లాగి చింపేసి, ఫిర్ సే, మళ్ళీ కుట్టు బేటీ అన్నారు. రెండోదీ చింపారు, మూడోదీ చింపారు. నాకు ఏడుపొచ్చింది గాని నాలుగోది ఎంత లాగినా చిరగలేదు. ఆ రోజు వాళ్ళావిడ పెట్టిన సేమ్యా రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

పద్నాలుగు జేబులు. ఒక్కో పనిముట్టునీ గుడ్డ మీద పెట్టి, సుద్దతో చుట్టూ గీసి, సరిగ్గా దాని ఒంటికి పట్టేలా కుట్టాను. తేలికవి పైన, బరువువి కింద. ఒక్కో జేబుకి పైన వాలే గుడ్డ మూత, ఒక్కో మూతకి ఒక్కో రకం ముడి, వేలు తగిలితే అది ఏ జేబో తెలిసేలా. పదకొండోది వీల్ పానాది, అంటే చక్రం బోల్టులు విప్పే పెద్ద పానా. మోచెయ్యి పొడుగు, చెయ్యి లాగేసే బరువు. మొత్తం చుట్టేస్తే చిన్న పరుపు చుట్టలా ఉండేది. ప్రతి ప్రయాణానికి ముందూ సర్దేది నేనే. సర్దడం అయ్యాక అరచెయ్యి కింద నుంచి పైకి ఒకసారి పోనిస్తే పద్నాలుగూ ఉన్నాయో లేదో తెలిసిపోయేది. ఆ కొండలు నేను ఒక్కసారీ ఎక్కలేదు, కానీ నా అరచెయ్యి ఆ గుడ్డ మీద పోయిందంటే ఆయన క్షేమంగా తిరిగొస్తారని నాకొక ధైర్యం.

మా తమ్ముడు అప్పుడు మా దగ్గరే ఉండేవాడు. నాన్న లేరు, అమ్మ ఊళ్ళో, వాడొక్కడే కొడుకు. కబడ్డీ ఆడేవాడు, కాలు నేల మీద నిలిచేది కాదు. మా ఆయన వెంట తోకలా తిరిగేవాడు. వీధి మొదట్లో ఉండగానే బావా అని వాడి కేక వినిపించేది, అన్నం తింటూ బావా, జీపు కింద దూరి బావా, నిద్రలో కూడా బావాయే. అప్పుడప్పుడే కట్టిన ఉక్కు ఫ్యాక్టరీ నుంచి ఆ ఏడు వాడికి ఉత్తరం వచ్చింది. రాతపరీక్ష పాసయ్యాడు, దసరా దాటిన సోమవారం మెడికల్. మన వాళ్ళకి అప్పట్లో ఫ్యాక్టరీ ఉద్యోగమంటే ఏమిటో మీకు తెలుసు కదా, ఇంటికొకడికి వస్తే ఆ ఇంట్లో పొయ్యి ఇక ఆరదు. అమ్మ ఆ ఉత్తరం ఊరంతా తిప్పి చూపించింది.

మా అత్తవారింట్లో ఆయుధ పూజకి ఒక కట్టుబాటుంది. నాగళ్ళూ కొడవళ్ళూ కడిగి అమ్మవారి ముందు పెడతారు, ఒకసారి పెట్టినది మర్నాడు దశమి పొద్దు పొడిచేదాకా ముట్టకూడదు. మాకు నాగలి లేదు గనక జీపు సామాను పెట్టేవాళ్ళం. ఆ ఏడూ పద్నాలుగు జేబులూ ఖాళీ చేసి, పానాలన్నీ కిరసనాయిలుతో కడిగి తుడిచి, పసుపూ కుంకుమా బొట్లు పెట్టి పీట మీద వరసగా పేర్చాను. అమ్మవారి పటం గోడకి ఆనిస్తే గచ్చు నున్నన, అది జారిపోతోంది. రెండుసార్లు జారింది. మూడోసారి విసుగొచ్చి, చేతికందిన వీల్ పానా పటం వెనక అడ్డంగా పెట్టి నిలబెట్టాను. బరువైనది గనక చక్కగా ఆగింది. మా ఆయన హారతిచ్చారు, గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు.

దశమి పొద్దున్నే కొండ మీద కాఫీ తోట మనిషి ఒకడు వచ్చి కూర్చున్నాడు. పంపుసెట్టు ఒకటి ఆ రోజే పైకి చేరాలట. పండగ పూట ఎవరూ బండి కట్టరు గనక మా ఆయన్ని పట్టుకున్నాడు. ఆయన సరేనన్నారు. నాకు పట్టరాని కోపం వచ్చింది. గారెలకి మినప్పప్పు నానబోశాను, సాయంత్రం జమ్మి పూజ ఉంది, ఏడాదికొక పండగ కూడా ఈ జీపు మింగేస్తుందా అనిపించింది. నోరు విప్పితే ఇంకేమంటానోనని నోరు మూసుకుని, కోపమంతా సామాను మీద చూపించాను. పీట మీద ఉన్నవన్నీ టకటకా జేబుల్లో కుక్కి, గుడ్డ చుట్టేసి జీపులో విసిరాను. మా ఆయన ఒక్కరూ వెళ్ళడం ఎందుకని తమ్ముణ్ణి కూడా వెళ్ళమన్నదీ నేనే. ఆ రోజు నా అరచెయ్యి ఆ గుడ్డ మీద పోలేదు.

పంపు దింపేసి ఖాళీ బండితో దిగుతుంటే మధ్యాహ్నం తిరిగాక పెద్ద వాన. ఘాట్ మలుపులో వెనక చక్రం పేలింది. మా ఆయన జాకీ వేసి, ముడి విప్పి, పదకొండో జేబులో చెయ్యి పెట్టారు. ఏమీ లేదు. మిగతా పానాల్లో ఒక్కటీ ఆ బోల్టులకి పట్టదు. పండగ గనక లారీ లేదు, బస్సు లేదు. కిందికి రెండు మలుపుల అవతల టీ పాక దగ్గర ఒక లారీ ఆగి ఉండటం ఎక్కేటప్పుడు చూశారు. వాళ్ళనడిగి పానా తెస్తానని మా తమ్ముడు అడ్డదారిన దిగాడు. వద్దురా, వాన తగ్గనీ అని ఆయన అన్నారట. నాను గెంతుకుంటూ ఎల్లొచ్చెత్తాను బావా అని వాడు వెళ్ళిపోయాడు. వాగు రాళ్ళ మీద కాలు జారింది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. పండగ చూసుకుని వస్తున్న కొండ మనుషులు వాడి కేకలు విని డోలీ కట్టి పైకి మోశారు.

ఆ సంగతి నాకు తెలిసేలోపే ఇంకొకటి తెలిసింది. మర్నాడు పొద్దున్న పూలు తీసేసి పటం ఎత్తాను. వెనక నుంచి వీల్ పానా గచ్చు మీద పడి ఠంగుమంది. దాని మీద నా కుంకుమ బొట్టు అలాగే ఉంది. ఏమీ కాదులే, ప్రతిసారీ చక్రం పేలుతుందా అని నాకు నేనే చెప్పుకుంటూ ఉండగా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది.

మూడు రోజులకి, వేరే డ్రైవరు చక్రం మార్చి తోలుకొస్తే, జీపు ఇంటికి చేరింది. మా ఆయన ఆసుపత్రిలోనే ఉన్నారు. మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు నేను పానా చీర చెంగు కింద పెట్టుకుని వెళ్ళి పదకొండో జేబులో దోపి, ముడి వేసి వచ్చాను. ఎందుకలా చేశానని ఇప్పుడు అడిగితే, భయంతో అంటాను.

తమ్ముణ్ణి ఇంటికి తెచ్చిన రోజు అమ్మ వచ్చింది. సోమవారం దాటిపోయింది. కాలు అతికింది గాని పొట్టిదైపోయింది, ఇక మెడికల్ మాటే లేదని అందరికీ అర్థమైంది. అమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి నా వైపు తిరిగి, సామాను సర్దేది నువ్వే కదే, పానా ఏటైపోనాది అంది. మంచం మీద నుంచి తమ్ముడు నన్నే చూస్తున్నాడు. అప్పుడు నేను లేచి, తిన్నగా జీపు దగ్గరికి వెళ్ళి, గుడ్డ విప్పి, అందరి ముందూ పదకొండో జేబులో నుంచి పానా తీసి చూపించాను. వానకి తడిసి మిగతావన్నీ తుప్పు పట్టి ఉంటే అది ఒక్కటీ శుభ్రంగా ఉంది. మా ఆయన పానాని ఒకసారి చూశారు, నన్ను ఒకసారి చూశారు.

"జేబులోనే ఉన్నాది కావాల. నానే వానలో సరిగ్గా సూడనేదు" అన్నారు.

ఆ మాటతో ఆ తప్పు ఆయనదైపోయింది. అమ్మ పోయేదాకా మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. నన్ను చూడాలనిపిస్తే వచ్చి వీధరుగు మీద కూర్చుని వెళ్ళిపోయేది. కొడుకు బతుకు అల్లుడు తీసేశాడని పదిమందిలో అనేది, ఆయన వినేలాగే అనేది. ఆమె పోయినప్పుడు ఆయన జనం వెనక, వేరేగా నిలబడ్డారు. తమ్ముడు నోరు జారి ఒక్క మాట అనలేదు, కానీ ఆ రోజు నుంచి ఆయన్ని బావా అని పిలవడం మానేశాడు. మాట్లాడతాడు. పిలుపు లేకుండా మాట్లాడతాడు. ఇదిగో అంటాడు, లేకపోతే నాకు చెప్పి నా చేత చెప్పిస్తాడు. ఇంటి నిండా మోగిన పిలుపు అలా ఆగిపోతే ఇల్లు ఎంత ఖాళీ అవుతుందో నాకు తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు. ఒక్కరోజూ పైకి అనలేదు.

నేనే తమ్ముణ్ణి సాయిబు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. కూర్చుని చేసే పని, చేతులు బాగుంటే చాలు. ఆయన వాడు కుట్టినవీ నాలుగుసార్లు చింపి, తరవాత కొడుకులా చూసుకున్నారు. ఆయన పోయాక కొట్టు వాడే నడుపుతున్నాడు. పెళ్ళి, పిల్లలు, అన్నీ అమరాయి. చెడ్డ బతుకు అని నేననను. కానీ ఉత్తరంలో వచ్చిన బతుకు అది కాదు. ఫ్యాక్టరీ బస్సు కొట్టు ముందు నుంచి పోయినప్పుడల్లా వాడు తల దించుకుని దారానికి మైనం రాస్తూ కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను. చెప్పేద్దామని ఎన్ని పండగలకి అనుకున్నానో లెక్కలేదు. మొదట భయం, తరవాత సిగ్గు, ఆ తరవాత ఇంత ఆలస్యమయ్యాక ఎందుకులే అనే బద్ధకం. నా మనసులో బరువంతా ఒకే రకం కాదు, అందులో బద్ధకం పాలూ ఉందని ఒప్పుకుంటున్నాను.

ఇంకొక చిన్న సంగతి చెప్పాలి. మరుసటి దసరాకి ఎవరూ అడగకుండానే మా ఆయన సుత్తి పట్టుకుని, పూజ గోడకి మేకు కొట్టి పటం తగిలించారు. ఇంట్లో ఒక మేకు కొట్టమంటే ఆరు నెలలు తీసుకునే మనిషి. అద్దె ఇళ్ళు నాలుగు మారాం, ప్రతి ఇంట్లోనూ పాలు పొంగించకముందే ఆ మేకు కొట్టేవారు. ఈ సొంతింట్లోనూ మొదటి మేకు అదే. వయసు మీద పడి దేవుడి మీద భక్తి పెరిగిందనుకున్నాను. జీపు ఎప్పుడో పాత ఇనుముకి పోయింది, గుడ్డా పానాలూ మాత్రం ఆయన ఇవ్వనివ్వలేదు.

మంగళవారం మధ్యాహ్నం తమ్ముడు ఆటో దిగాడు. వరండాలో వెలుతురు చూసి చాప వేసుకుని, పొట్టి కాలు చాపుకుని, ఒళ్ళో గుడ్డ పరుచుకుని చిరుగులు కుట్టడం మొదలుపెట్టాడు. మా ఆయన ఆ చివర కుర్చీలో. ఇద్దరూ ఎప్పటిలాగే మనవరాలి ద్వారా మాట్లాడుకున్నారు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. మనవరాలు కొత్త పానాలూ పాతవీ కలిపి కింద పేర్చుకుని, పూజ బండి పక్కన షెడ్డులోనే పెడతాననీ, పటం కొన్నాననీ, పీట మీద నిలబెడితే సరిపోతుందా తాతయ్యా అనీ అడిగింది.

మా ఆయన వీధి వైపు చూస్తూనే, మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పారు.

"ముందు గోడకి మేకు కొట్టి తగిలించమ్మా. పటం ఎనక ఏటీ ఆనించీకు. ఎనక ఎట్టింది ఎనకే ఉండిపోద్ది."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. హారతిచ్చింది ఆయనే కదా. పటం వెనక పానా ఆయన కళ్ళారా చూసే ఉంటారు. ఘాట్ మలుపులో, వానలో, ఖాళీ జేబులో చెయ్యి పెట్టిన క్షణానే అది ఎక్కడుందో ఆయనకి తెలుసు. నేను అందరి ముందూ పానా తీసి చూపించినప్పుడూ తెలుసు. తుప్పు లేని పానాని చూసి, నన్ను చూసి, తెలిసే ఆ మాట అన్నారు. ఆయన చెయ్యి మీద ఆయనకే నమ్మకం పోయేలా చేశానని నేను ఇన్నేళ్ళూ కుమిలిపోతే, ఆయన ఆ చేతితోనే ఇంటికొక మేకు కొట్టి ఊరుకున్నారు. నాకు ఒక్కసారిగా చాలా అలుపొచ్చింది. ఇక ఒక్క రోజు కూడా మొయ్యలేను అనిపించింది.

"ఒరే తమ్ముడూ" అన్నాను. "ఆ దినం పానా జేబులో నేదురా. పటం ఎనక ఉండిపోనాది. నానే మరిసిపోయి, తరవాత తెచ్చి జేబులో ఎట్టినాను. మీ బావ తప్పేటీ నేదు."

తమ్ముడి దబ్బనం ఆగింది. మనవరాలు ఒకసారి నన్నూ ఒకసారి వాణ్ణీ చూసింది.

"అమ్మకి తెలుసా?" అన్నాడు తమ్ముడు.

"నేదు."

వాడు నా వైపు చూడలేదు. కాలు మీద చెయ్యి వేసుకుని కాసేపు రాసుకున్నాడు. తిడతాడనుకున్నాను, లేచి వెళ్ళిపోతాడనుకున్నాను, రెండిటికీ సిద్ధంగానే ఉన్నాను. మళ్ళీ దబ్బనం తీసి రెండు కుట్లు వేశాడు. పదకొండో జేబు అంచు అది. సాయిబు గారు నేర్పిన ప్రకారం, కుట్టు వేశాక గుడ్డని రెండు వైపులా లాగి చూడాలి. ఒక కొస తన చేతిలో పట్టుకుని తలెత్తకుండా అన్నాడు.

"బావా, ఈ కొస అట్టుకో. లాగి సూడాల."

మా ఆయన వెంటనే లేవలేకపోయారు. కుర్చీ చేతుల మీద రెండుసార్లు ఊనుకుని లేచి, గోడ పట్టుకుంటూ వచ్చి, వాడి ఎదురుగా చాప మీద కూర్చుని ఆ కొస పట్టుకున్నారు. ఇద్దరూ లాగారు. చిరగలేదు. ఇంకోసారి బావా అన్నాడు, ఏదో దారం అందించమని. ఆ పిలుపు ఎన్నేళ్ళ తరవాత వచ్చిందో తెలియని మనవరాలు తనే అందించబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. వాడు నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు, అడగను కూడా. వెళ్ళేటప్పుడు ఎప్పటిలా నాకు చెప్పి వెళ్ళలేదు, ఆయనకి చెప్పి వెళ్ళాడు. అది నాకు తగిన శిక్షే.

పూజ బాగా జరిగింది. పటం మేకుకి తగిలించాం. దశమి పొద్దున్న మనవరాలు తన సొరుగుల్లో సామాను సర్దుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ నల్లటి స్పాంజి మంచిదే. ఒక పానా లేకపోతే దాని గుంట ఖాళీగా కనిపిస్తుంది, పైగా దీపం వేసి మరీ చూపిస్తుంది, ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పే వీలుండదు. నా జేబులకి మూతలుండేవి, ముడులుండేవి. ఉన్నదీ లేనిదీ పైకి ఒకేలా కనిపించేవి. మా కాలం మనుషులమూ అలాగే ఉండిపోయాం, లోపల ఏముందో పక్కనున్న వాళ్ళు చెయ్యి పెట్టి తెలుసుకోవలసిందే. ఏది మేలో తేల్చి చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు.

చివరికి పాత గుడ్డ నాకిచ్చి, ఇది నువ్వే సర్దు అమ్మమ్మా అంది. పద్నాలుగూ సర్ది, సీటు వెనక తగిలించాక, అలవాటు ప్రకారం అరచెయ్యి కింద నుంచి పైకి పోనిచ్చాను. చూపు సరిగా ఆనక, మోకాళ్ళు నిలవక, నెమ్మదిగా పోనిచ్చాను. పదకొండో జేబు దగ్గరికి వచ్చేసరికి నా వేళ్ళకి ఇంకో చెయ్యి తగిలింది. నాకంటే ముందే వచ్చి, అవతలి తలుపులో నుంచి చెయ్యి పెట్టి, మా ఆయన ఆ ముడి తడిమి చూసుకుంటున్నారు.

"ఉన్నాది" అన్నారు.